కరెంటు బిల్లులో ఊరి వాటా ఎక్కడ?

మొన్నామధ్య జనగామ నుంచి బాపు ఫోన్ చేసి, కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని ఒక్కో లైనూ చదవడం మొదలుపెట్టాడు. రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకి ఇదొక కాలక్షేపం. ఎనర్జీ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ అన్నీ అయ్యాక ఒక చోట ఆగాడు. "ఈ డ్యూటీ అంటే ఏందిరా? ఎవరికి పోతది గిది? మన మునిసిపాలిటికేనా?" అని అడిగాడు. కాదు బాపూ, హైదరాబాద్ పోతది అన్నాను. "మరి స్తంభాలు నిలబెట్టింది మన ఊరి రోడ్ల మీదనే గద! ఊరికేం ఇస్తరు?"

నా దగ్గర సమాధానం లేదు. కానీ ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. చాలా ఏళ్ళ కిందట ప్రాజెక్టు పని మీద డాలస్ పక్కన ఒక ఊళ్ళో కాపురం పెట్టినప్పుడు, మొదటి నెల గ్యాస్ బిల్లులో 'ఫ్రాంచైజ్ ఫీ' అని ఒక లైను కనపడింది. నలభై డాలర్ల బిల్లులో రెండు డాలర్ల చిల్లర. ఫ్రాంచైజ్ అంటే నాకు తెలిసింది మెక్‌డొనాల్డ్స్ ఒకటే! ఆఫీసులో పక్క క్యూబ్‌లో ఉన్న పెద్దాయన్ని అడిగితే, "అది నీ ఊరికి గ్యాస్ కంపెనీ కట్టే అద్దె. కట్టేది మాత్రం నువ్వే" అని నవ్వాడు. అంతకంటే క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు. అప్పుడు వదిలేసిన సంగతి ఇప్పుడు బాపు పుణ్యమా అని మళ్ళీ తవ్వాల్సొచ్చింది.

ముందు ఆ లెక్క ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఊళ్ళో వీధులు ఊరివి, అంటే నగరపాలక సంస్థవి. వాటి కింద గొట్టాలు వెయ్యాలన్నా, పైన తీగలు లాగాలన్నా కంపెనీ ఆ ఊరితో ఒక ఒప్పందం చేసుకోవాలి. దాని పేరే ఫ్రాంచైజ్. ఇన్నేళ్ళ పాటు మా వీధులు వాడుకో, తవ్విన చోట పూడ్చు, మేము రోడ్డు వెడల్పు చేస్తే నీ స్తంభాలు జరుపు, బదులుగా మా ఊళ్ళో నీకొచ్చే రాబడిలో ఇంత శాతం ఇవ్వు... ఇలా ఉంటుంది. సాధారణంగా రెండు నుంచి ఐదు శాతం. కేబుల్ టీవీకైతే 1984లో చేసిన కేంద్ర చట్టం ఐదు శాతం దాటకూడదని గీత గీసింది. కంపెనీ మూణ్ణెల్లకో ఏడాదికో ఆ సొమ్ము ఊరికి కడుతుంది. కట్టిన దాన్ని వాడకందారుల బిల్లులో ఒక లైనుగా వేసి రాబట్టుకుంటుంది. ఊరి పొలిమేర దాటి బయట ఇల్లున్నవాడి బిల్లులో ఆ లైను ఉండదు.

ఇందులో మన ప్రోగ్రామర్లకి నచ్చే తమాషా ఒకటుంది. ఫీజు 'మొత్తం రాబడి' మీద కదా. బిల్లులో వసూలు చేసిన ఫీజు కూడా కంపెనీ రాబడే కదా? అప్పుడు ఫీజు మీద మళ్ళీ ఫీజు, దాని మీద మళ్ళీ... రికర్షనే. 100 డాలర్ల మీద 5 కాదు, 100ని 0.95తో భాగిస్తే వచ్చే 105.26. కేబుల్ ఫీజు విషయంలో సరిగ్గా ఈ ఇరవై ఆరు సెంట్ల కోసం డాలస్ నగరం కేంద్ర ప్రభుత్వపు ఎఫ్‌సీసీ మీద కోర్టుకెక్కి 1997లో గెలిచింది. ఇరవై ఆరు సెంట్లే కదా అని నవ్వుకోవచ్చు. లక్షల బిల్లుల మీద గుణించుకుంటే నవ్వు ఆగిపోతుంది.

సరే, ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది? మంచి ఉద్దేశంతో పుట్టిందని నేనూ అనుకున్నాను. చరిత్ర చూస్తే అదేం కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా నగరాల్లో ఫ్రాంచైజ్ అంటే కౌన్సిలర్లకి బంగారు బాతు. షికాగోలో 1897లో కొందరు కౌన్సిలర్లు కామన్‌వెల్త్ ఎలక్ట్రిక్ అని ఒక కాగితం కంపెనీ పుట్టించి, దానికి నగరమంతా కరెంటు ఇచ్చే హక్కు యాభై ఏళ్ళకి రాసిచ్చేశారు. వాళ్ళకి కరెంటు అమ్మే ఉద్దేశం ఏ కోశానా లేదు. అప్పటికే అక్కడ ఎడిసన్ కంపెనీ నడుపుతున్న శామ్యూల్ ఇన్సల్‌ని బెదిరించి డబ్బు గుంజడమే ప్లాను. అయితే ఇన్సల్ ముందుచూపున్న మనిషి. పెద్ద తయారీదారుల యంత్రాలన్నీ ఆ ఊళ్ళో తనకి తప్ప ఎవరికీ అమ్మకూడదని ముందే రాయించుకున్నాడు. చేతిలో హక్కు పత్రం ఉంది, కొనడానికి డైనమో లేదు! చివరికి ఆ యాభై ఏళ్ళ హక్కుని ఇన్సల్‌కే యాభై వేల డాలర్లకి అమ్ముకుని పోయారు. తర్వాత 1907లో రెండు కంపెనీలూ కలిసి కామన్‌వెల్త్ ఎడిసన్ అయింది. ఇప్పటికీ షికాగోలో ఉండే మన వాళ్ళకి బిల్లు పంపేది దాని వారసులే.

ఈ కౌన్సిలర్ల బాధ పడలేక ఇన్సల్ 1898లోనే ఒక మాటన్నాడు: మమ్మల్ని నగరాలు కాదు, రాష్ట్రం నియంత్రించాలి అని. 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాలు కమిషన్లు పెట్టాయి, మిగతావి వెంట నడిచాయి. ధర నిర్ణయించే అధికారం ఊరి చేతిలోంచి రాష్ట్రం చేతిలోకి పోయింది. కానీ వీధి మాత్రం ఊరి చేతిలోనే మిగిలింది. ఫ్రాంచైజ్ ఫీజు ఆ మిగిలిన ముక్క. లంచంగా మొదలైంది కాస్తా లెక్కలో చూపించే అద్దెగా మారింది.

ఇంకో సంగతి. ఆ ఒప్పందానికి గడువుంటుంది. నా దృష్టిలో డబ్బు కంటే అదే ముఖ్యం. కొలరాడోలో బౌల్డర్ అనే ఊరుంది, మన ఐటీ వాళ్ళు కూడా బాగానే ఉంటారు. 2010లో ఎక్సెల్ ఎనర్జీతో ఫ్రాంచైజ్ గడువు అయిపోతే ఊరు దాన్ని పొడిగించలేదు. బొగ్గు కరెంటు వద్దు, మేమే సొంత కంపెనీ పెట్టుకుంటాం అని పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగింది. చివరికి 2020 నవంబరులో ఓటర్లు ఇక చాల్లే అని మళ్ళీ అదే కంపెనీకి ఇరవై ఏళ్ళకి ఓటేశారు. ఓడిపోయారు అనొచ్చు. కానీ ఊరి జనాన్ని ఎవరో అడిగారు, జనం ఒకసారి కాదన్నారు, ఒకసారి సరేనన్నారు. బాపు డెబ్బై ఏళ్ళ జీవితంలో ఆయన్ని ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

ఇప్పుడు జనగామ బిల్లుకి వద్దాం. 2022-23 టారిఫ్ ప్రకారం నెలకి 250 యూనిట్లు కాలిస్తే, మొదటి 200 యూనిట్లకి 5.10 చొప్పున 1020, మిగతా 50కి 7.70 చొప్పున 385, మొత్తం 1405 రూపాయలు. దానికి యూనిట్‌కి 6 పైసల చొప్పున ఎలక్ట్రిసిటీ డ్యూటీ 15 రూపాయలు. ఆ 15 రూపాయలూ రాష్ట్ర ప్రభుత్వానివి. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితాలో 53వ అంశం కరెంటు వాడకం మీద, అమ్మకం మీద పన్ను. ఊరికి సున్నా. డాలస్ పక్క ఊరి లెక్కన ఐదు శాతం వేస్తే సుమారు 70 రూపాయలు ఊరికి వచ్చేవి.

ఈ 6 పైసల చరిత్ర ఇంకా తమాషాగా ఉంటుంది. దీని వెనకున్న చట్టం పుట్టింది 1939లో, మద్రాసులో. అప్పుడు రాజాజీ ప్రధానిగా ఉన్నారు (ముఖ్యమంత్రిని అప్పట్లో ప్రధాని అనేవారు). 1937లో సేలంలో మద్య నిషేధం పెట్టారు, మరుసటేడు మన చిత్తూరు, కడప జిల్లాలకి కూడా పెంచారు. కల్లు, సారా ఆదాయం పోయిన చోట ఖజానా నింపాలి కదా? 1939లో వరసపెట్టి చట్టాలు చేశారు. అమ్మకం పన్ను, వినోదపు పన్ను, పొగాకు పన్ను, పెట్రోలు పన్ను, కరెంటు సుంకం. అంటే బాపు చదివిన ఆ లైను కడప జిల్లాలో మూసిన కల్లు దుకాణాల లోటు పూడ్చడానికి పుట్టింది! అప్పటికి జనగామ నిజాం రాజ్యంలో ఉంది. ఆ మద్రాసు చట్టం ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఇటు పాకింది, తెలంగాణ వచ్చాక పేరు మార్చుకుని కొనసాగుతోంది. మద్య నిషేధం పోయింది, సుంకం మిగిలింది. పన్నులకి చావుండదు.

మరి మన దేశంలో ఊరి వాటా అన్న ఆలోచనే లేదా? ఉండేది! ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. 1910 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ చట్టం ప్రకారం కరెంటు కంపెనీకి ఒక ప్రాంతానికి లైసెన్సు ఇచ్చేవాళ్ళు, వీధులు తవ్వే హక్కు దానితోనే వచ్చేది. కానీ గడువు తీరాక ఆ కంపెనీని కొనుక్కునే హక్కు స్థానిక సంస్థకి ఉండేది. అద్దె లేదు గానీ, 'ఒకరోజు నిన్ను కొనేస్తాను సుమా' అనే అదుపు ఉంది. బొంబాయిలో బెస్ట్ 1947లో నగరం చేతికొచ్చింది. కేరళలో త్రిశ్శూర్ కార్పొరేషన్ ఇప్పటికీ సొంతంగా కరెంటు పంపిణీ చేస్తోంది. కోస్తాలో రాజమండ్రి లాంటి ఊళ్ళకి ప్రైవేటు కంపెనీలు ఉండేవి. 1949లో మద్రాసు ప్రభుత్వం వాటిని తీసేసుకోవడానికి చట్టం చేస్తే, రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1954లో గెలిచింది. అలాంటి చట్టం చేసే అధికారం అప్పటి రాష్ట్ర శాసనసభకి లేదని కోర్టు కొట్టేసింది. ఆంధ్ర రాష్ట్రం అదే ఏడు కొత్త చట్టం తెచ్చుకుని పని కానిచ్చింది. ఈ దావాలో ఒకవైపు కంపెనీ, ఇంకోవైపు రాష్ట్రం. రాజమండ్రి ఊరు ఎక్కడా వాది కాదు, ప్రతివాదీ కాదు.

అప్పట్నుంచీ కథ ఒకటే దారిలో నడిచింది. 1948 చట్టంతో రాష్ట్రాల విద్యుత్ బోర్డులు వచ్చాయి. 1959లో 1910 చట్టాన్ని సవరించి, కంపెనీలని కొనే హక్కు ముందు బోర్డుకి, అది వద్దంటే రాష్ట్ర ప్రభుత్వానికి, అదీ వద్దంటే అప్పుడు స్థానిక సంస్థకి అని క్యూలో చివర నిలబెట్టారు. సరిగ్గా ఆ ఏడే మన ఏపీఎస్‌ఈబీ పుట్టింది. 1999లో బోర్డు విడిపోయి జెన్‌కో, ట్రాన్స్‌కో అయింది, 2000లో నాలుగు డిస్కంలు వచ్చాయి. ఉత్తర డిస్కం హన్మకొండ నుంచి నడుస్తోంది. జనగామ, మానుకోట (అదే, మహబూబాబాద్), భూపాలపల్లి మూడూ దాని కిందే. 2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చి 1910 చట్టాన్ని రద్దు చేసింది, క్యూలో చివరి స్థానం కూడా పోయింది. ఇక తెలంగాణ ఊళ్ళకైతే ఆ స్థానం ఎప్పుడూ ఉన్నట్టే కాదు. నిజాం రాజ్యంలో కరెంటు 1910 నుంచీ సర్కారు శాఖ. హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో కట్టిన పవర్ హౌస్ కూడా సర్కారుదే (ఇప్పుడక్కడ ఎన్టీఆర్ గార్డెన్స్ ఉంది). ఊరిని అడిగే ఆనవాయితీయే లేదు.

ఇక్కడో చిత్రం చూడండి. 1992 నాటి రాజ్యాంగ సవరణలతో పంచాయతీలకి పదకొండో షెడ్యూలు, మునిసిపాలిటీలకి పన్నెండో షెడ్యూలు వచ్చాయి. పంచాయతీల జాబితాలో 'గ్రామీణ విద్యుదీకరణ, విద్యుత్ పంపిణీతో సహా' అని స్పష్టంగా ఉంది. మునిసిపాలిటీల జాబితాలో కరెంటు ఊసు వీధి దీపాల దగ్గరే ఆగిపోయింది. భూపాలపల్లి కొన్నేళ్ళ కిందటి దాకా గ్రామపంచాయతీయే. అంటే కాగితం మీదైనా కరెంటు పంపిణీ గురించి మాట్లాడే హోదా ఉన్న ఊరు, మునిసిపాలిటీగా ప్రమోషన్ రాగానే ఆ హోదా పోగొట్టుకుంది! మన ఆఫీసుల్లో మేనేజరుగా ప్రమోషన్ ఇచ్చి టీమ్‌ని లాగేసుకోవడం గుర్తొచ్చింది నాకు.

భూపాలపల్లి సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. మా బావ అక్కడ సింగరేణిలో పనిచేస్తాడు. పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ ప్లాంటు, రెండు దశలూ కలిపి 1100 మెగావాట్లు. బొగ్గు ఆ నేలది, బూడిద ఆ గాలిది. కానీ బిల్లుల మీద ఫీజు పెట్టే పద్ధతిలో సొమ్ము వచ్చేది కరెంటు కాల్చిన చోటికే, పుట్టిన చోటికి కాదు. ఐదు శాతం పెడితే హైదరాబాద్ పంట పండుతుంది, భూపాలపల్లికి చిల్లర రాలుతుంది. బొగ్గుకి 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజులైతే రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం ఆ నిధికి కట్టాలి. అంటే 'ఈ నేల వాడుకున్నావు, ఈ నేలకి కొంత ఇవ్వు' అన్న సూత్రాన్ని మన చట్టం ఒప్పుకుంది. గనికి ఒప్పుకుంది గానీ వీధికి ఒప్పుకోలేదు.

పైగా మన దగ్గర డబ్బు తిరగేసి పారుతుంది. అమెరికాలో కంపెనీ ఊరికి కడుతుంది. ఇక్కడ ఊరే కంపెనీకి కడుతుంది, వీధి దీపాలకి, నీళ్ళ మోటార్లకి. మానుకోట మునిసిపాలిటీ తన రోడ్డు మీద డిస్కం స్తంభం పాతితే అద్దె అడగలేదు. ఆ స్తంభానికి వేలాడే దీపానికి మాత్రం బిల్లు కడుతుంది. అదే స్తంభం మీదుగా కేబుల్ వాడు తీగ లాగితే డిస్కంలు స్తంభానికింత అని అద్దె వసూలు చేస్తాయి! స్థలం ఒకరిది, అద్దె ఇంకొకరికి. సబ్ లెటింగ్ అంటే ఇదే కదా? ఇక ఫైబర్ వాళ్ళ విషయంలో దారి పూర్తిగా మూసేశారు. 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన టెలికం రైట్ ఆఫ్ వే నిబంధనల ప్రకారం స్థానిక సంస్థ తీసుకోగలిగింది దరఖాస్తు ఖర్చు, రోడ్డు పూడ్చే ఖర్చు మాత్రమే. అద్దె అన్న మాటే లేదు. దానికీ కారణముంది లెండి. ప్రతి ఊరూ తనకి తోచిన రేటు పెడితే పల్లెకి ఇంటర్నెట్ ఎప్పటికీ చేరదు. షికాగో కౌన్సిలర్లని తలుచుకుంటే ఆ భయం ఉత్తిది కాదు.

అలాగని మన దేశంలో బిల్లు మీద ఊరి పన్ను ఎక్కడా లేదనుకోకండి. ఢిల్లీలో కరెంటు బిల్లుతో పాటు కార్పొరేషన్ తరఫున ఐదు శాతం పన్ను వసూలవుతుంది, 1957 నాటి వాళ్ళ కార్పొరేషన్ చట్టం ప్రకారం. హర్యానాలో మునిసిపల్ పన్ను రెండు శాతం. గుర్గావ్‌లో ఉండే మిత్రులు బిల్లు తీసి చూసుకోండి. మన పాత 1965 మునిసిపాలిటీల చట్టంలో పన్నుల జాబితాలో ఇళ్ళు ఉండేవి, బళ్ళు ఉండేవి, జంతువులు ఉండేవి, ప్రకటనలు ఉండేవి, కరెంటు ఉండేది కాదు. ఎద్దుబండి మీద పన్ను వెయ్యగలిగిన ఊరు దాని నెత్తి మీద పోయే తీగ మీద వెయ్యలేకపోయింది.

అయితే ఢిల్లీ పద్ధతి తెచ్చి మన నెత్తిన పెట్టుకుందామా? నేను ఒప్పుకోను. అది పన్నే గానీ ఒప్పందం కాదు. వాడకందారు జేబులోంచి ఐదు శాతం పోతుంది, డిస్కం మీద ఊరికి వీసమెత్తు పట్టు రాదు. పైగా 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఇళ్ళకి సున్నా బిల్లు. జనగామ లాంటి ఊళ్ళో ఎన్నో ఇళ్ళు దాని కిందికే వస్తాయి. ఆ ఫీజు ఎవరు కట్టాలి? మళ్ళీ హైదరాబాదే కట్టి, హైదరాబాదే జమ చేసుకోవాలి.

నాకు కావలసింది ఆ ఒప్పందంలో డబ్బు కాని సగం. తవ్వితే ఎన్ని రోజుల్లో పూడుస్తావు? స్కూలు గోడకి ఆనుకుని ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎప్పుడు జరుపుతావు? వేలాడే తీగలకి ఎవరు బాధ్యులు? పదేళ్ళకోసారి ఈ ప్రశ్నలు కౌన్సిల్లో కూర్చుని అడిగే హక్కు, జవాబు రాసి సంతకం పెట్టాల్సిన అవసరం. మనం ఏ చిన్న క్లయింటుకైనా ఎస్‌ఎల్‌ఏ రాసివ్వకుండా పని మొదలుపెడతామా? వేల ఇళ్ళున్న ఊరికి ఆ కాగితం లేదు.

ఇది గొంతెమ్మ కోరిక అనేవాళ్ళు ఒకసారి సిరిసిల్ల వెళ్ళి రండి. 1970లో అక్కడ సహకార విద్యుత్ సంఘం, సెస్, మొదలైంది. దేశంలో మొట్టమొదట పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అదొకటి. అమెరికా పల్లెల్లోని కరెంటు సహకార సంఘాల నమూనా చూసే మొదలుపెట్టారు. చుట్టూ ఎన్పీడీసీఎల్ ఉన్నా మధ్యలో సిరిసిల్ల వాళ్ళ కరెంటు పంపిణీ వాళ్ళ సంఘానిదే. దానికి ఎన్నికలు జరుగుతాయి, పార్టీలు కొట్టుకుంటాయి, ఆరోపణలూ ఉంటాయి. ఉండనివ్వండి. జనగామలో కొట్టుకోవడానికైనా ఏముంది?

ఇదంతా బాపుకి ఫోన్లో అరగంట చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. చివర్లో, "అయితే మనకు అద్దె గావాల్నని అడిగే హక్కు గూడ లేదన్నట్టు" అన్నాడు. ఒకప్పుడు ఉండేది బాపూ, కానీ మనకి కాదు అన్నాను. కాసేపు ఆగి, "సరే, మన ఇంటి ముంగట స్తంభం వంగింది. గది ఎవరికి చెప్పాల్నో జెర కనుక్కో" అన్నాడు.

అదే కనుక్కుంటున్నాను.